పెరటి చెట్టు మందుకు రాదా?

మన సీమలో చెఱువు నిండని యేట ఊరి బాలురకు ఒక్క లాభము కలుగును. ఎండిన చెఱువు కడుపు వారికి ఆటస్థల మగును. సోమందేపల్లె మొదలుకొని పెనుకొండ, హిందూపురము, మడకశిర వఱకు ఏ పల్లెకు పోయినను ప్రొద్దు వాలు వేళ ఈ దృశ్యము కాననగును. విడిచిన చెప్పుల జతలే గోలు గుఱుతులు. ఎండకు కాలిన నేలపై ఉత్త కాళ్లే సాధనములు. బంతి యొకటి దొరకిన చాలును, చీకటి పడి బంతి కంటికి ఆనకుండు వఱకు ఆట సాగును.

ఆ బాలురలో మేలైనవాడు పదునెనిమిదేండ్ల వాడైన పిమ్మట ఏమయ్యెనని విచారింపుడు. బెంగుళూరున కట్టడపు పనికి పోయెననియో, రహదారిపై లారీ నెక్కెననియో, తండ్రితో కూడ వేరుసెనగ చేనిలో నున్నాడనియో ఊరివారు చెప్పుదురు. ఆతని యూరికి ఒక పూట ప్రయాణములో నున్న కళాశాల మాత్రము, ఆ యేడే, పోటీలకు పంపుటకు పదునొకండుగురు చాలక, బంతి తన్నుట సరిగా నెఱుగని విద్యార్థులకు చొక్కాలు తొడిగి జట్టని పేరు పెట్టి పంపుచుండును. ఒక వంక ఆటగాడు కళాశాల లేక చెడుచున్నాడు. ఒక వంక కళాశాల ఆటగాడు లేక ఓడుచున్నది. ఈ రెండింటి నడుమ నున్న దూరము ముప్పది, నలువది మైళ్లు మాత్రమే. ఆ దూరమును నడువవలసిన వారు ఎవ్వరు? ఇదియే నేడు మేము మా పాఠకుల ముందుంచు ప్రశ్న.

కళాశాలలలో జట్టు ఏర్పడు విధము పట్టణవాసులకు తెలియనిది కాదు. విద్యాసంవత్సరారంభమున ప్రవేశములు జరుగును. మార్కుల వరుసను బట్టియు, ఫీజు చెల్లించు శక్తిని బట్టియు విద్యార్థులు చేరుదురు. పోటీలు సమీపించిన వారమున ఫలకముపై నొక కాగితము వ్రేలాడును: ఫుట్‌బాలు ఆడగోరువారు సాయంకాలము మైదానమునకు రావలయునని. వచ్చినవారిలో నుండి జట్టు కూర్పబడును. అనగా మనవారు విద్యార్థులను చేర్చుకొని పిమ్మట వారిలో ఆటగాండ్రను వెదకుదురు. ఆటగాండ్రను వెదకి వారిని విద్యార్థులుగా చేర్చుకొనుట వారికి తోచుట లేదు. ఈ యొక్క వరుస తలక్రిందగుటచేతనే తక్కినదంతయు తలక్రిందైనది. ఇట్లు కూడిన జట్టు తొలి పోటీలోనే ఓడి మఱునాటి బస్సున ఇల్లు చేరినచో అది ఆటగాండ్ర దోష మెట్లగును?

ఇది కఱవు సీమ, మా కంతటి శక్తి యెక్కడిదని అధికారులు చెప్పవచ్చును. ఈ సమాధానమును మేము అంగీకరింపజాలము. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ నేలపైననే, 1969లో స్పెయిన్ దేశీయుడైన విన్సెంట్ ఫెర్రర్ వచ్చి నిలిచెను. ఆయన నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, జనులు ఆర్.డి.టి. యని పిలుచునది, బావులు త్రవ్వించి, ఇండ్లు కట్టించి, ఆసుపత్రులు నడపుటతో ఆగక అనంతపురమున ఒక క్రీడాగ్రామమును సయితము నిర్మించినది. అచ్చట పల్లెపిల్లలు ఫుట్‌బాలు, హాకీ, క్రికెట్టు, జూడో నేర్చుచున్నారు. టెన్నిసు వీరుడు రాఫెల్ నాదల్ పేరిట 2010లో అచ్చటనే టెన్నిసు పాఠశాల తెఱవబడినది. ఫుట్‌బాలు శిక్షణకు స్పెయిన్ దేశపు లా లిగా వారి ఫౌండేషను తోడ్పడినది. ఫెర్రర్ 2009లో ఈ నేలపైననే కన్నుమూసెను. సముద్రములకు ఆవలనున్న వారికి కానవచ్చిన మన పిల్లలు, రహదారికి ఈవలనున్న మన కళాశాలలకు కానరాకుండుట ఎంత చిత్రము! పెరటి చెట్టు మందుకు రాదని పెద్ద లూరకనే చెప్పలేదు.

కళాశాలలు నిన్న మొన్న పుట్టినవి కావు. అనంతపురము ప్రభుత్వ కళాశాల దత్తమండలముల పేరిట 1916లో వెలసినది. రాష్ట్రపతి పదవి నలంకరించిన నీలం సంజీవరెడ్డి గారు అందు చదివినవారే. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో ఏర్పడినది. 2022లో సోమందేపల్లె శ్రీ సత్యసాయి జిల్లాలో చేరి అనంతపురము జిల్లానుండి వేఱుపడినను, విద్యావిషయమున ఈ రెండు జిల్లాలును ఆ విశ్వవిద్యాలయపు నీడలోనే యున్నవి. మైదానము కలదు, పేరు కలదు, పరంపర కలదు. పల్లెలో బంతి యాడు పిల్లవాడును కలడు. ఈ రెండింటిని కలుపు కాలువ మాత్రము లేదు.

ఆ కాలువ ఎచ్చట తెగినదో చూతము. పదవ తరగతి ముగియు నాటికి పిల్లవానికి పదునైదు పదునాఱేండ్లు. ఆటకు దేహము పదును కెక్కు వయస్సు అదియే. ఆ మీది రెండేండ్లు ఇంటర్మీడియట్ చదువు. పట్టణములలో ఆ చదువు నడుచు భవనములు పెక్కింటికి మైదానమే లేదు. ఉదయమునుండి రాత్రి వఱకు గదులలో పరీక్షల వల్లెవేత. పేదవాని కుమారుడు ఆ ఫీజునకు తాళలేడు. తాళినవాడు బంతి ముఖము చూడడు. ఇట్లు రెండేండ్లు గడచునప్పటికి ఆట మఱచినవాడు డిగ్రీ కళాశాలకు చేరును. ఆట మఱువనివాడు కళాశాలకే చేరడు. కళాశాల ఆతనిని పదునెనిమిదవ యేట వెదకినను ఆలస్యమే. పదునాఱవ యేట ఆతని చేయి పట్టుకొనవలయును.

ప్రభుత్వపు నియమము లున్నవి కదా యని కొందఱందురు. ఉన్నవి. ఇంజనీరింగు మున్నగు వృత్తివిద్యల ప్రవేశములలో క్రీడాకారుల కొఱకు నూటికి అర సీటు కేటాయింపబడినది. అనగా ఇన్నూఱు సీట్లకు ఒక్కటి. ఆ యొక్కటియు రాష్ట్ర, జాతీయ పోటీల సర్టిఫికేటుల వరుసను బట్టి దక్కును. చెఱువు కడుపులో ఆడినవానికి సర్టిఫికేటు ఎవరిత్తురు? సర్టిఫికేటు కావలయుననిన జట్టులో చేరవలయును. జట్టులో చేరవలయుననిన కళాశాలలో నుండవలయును. కళాశాలలో నుండవలయుననిన సర్టిఫికేటు కావలయును. ఈ చక్రము నుండి పేదపిల్లవాడు బయటపడుటకు ఒక్కటే మార్గము కలదు. ఆట నెఱిగిన పెద్దవాడొకడు స్వయముగా పల్లెకు పోయి, తన కన్నులతో చూచి, నీవు రమ్మని పిలువవలయును.

ఇది కలలో మాట కాదు. మన తెలుగు రాజధానిలోనే జరిగిన చరిత్ర. హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, విద్యార్థులతో కూడిన జట్టున ఆడి, బడిపంతులై పిల్లలకు పాఠములు చెప్పెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1950 నుండి నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆయన ఆటగాండ్ర కొఱకు కలకత్తాకు జాబులు వ్రాయలేదు. తన వీథులలో, తన బడులలో, తన దండుపేటలలో వెదకెను. ఫలమేమి? ఆ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. భారత జట్టు ఆయన శిక్షణలో 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకముల నందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచెను. ఆ మెల్బోర్ను జట్టులో హైదరాబాదు ఆటగాండ్రు ఒకరిద్దఱు కారు, పలువు రుండిరి. హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీని కైవసము చేసికొనెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు మఱల గెలిచెను.

సికిందరాబాదు కడనున్న అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాం కథ ఇంకను గమనింపదగినది. నగరమునకు వచ్చిపోవుటకు ఆ కుఱ్ఱవాని చేత డబ్బు లేకపోగా రహీం సైకిలు సమకూర్చెనని చెప్పుదురు. ఆ కుఱ్ఱవాడే 1960 రోము ఒలింపిక్సులో హంగరీపైనను, పెరూపైనను గోలు చేసెను. ఒక జాతి జట్టునకు ఒక ముందువరుస వీరుడు దొరకుటకు అయిన వ్యయము ఒక సైకిలు! మన కళాశాలల లెక్కల పుస్తకములలో ఇట్టి సైకిలునకు పద్దు కలదా?

రహీం 1963లో మరణించెను. ఆయనతో ఆ కన్నును మూతపడినది. 1965-66 తరువాత సంతోష్ ట్రోఫీ తెలుగునాటికి మఱల రాలేదు. 2019లో హైదరాబాదు పేరిట ఒక వృత్తి క్లబ్బు వెలసి, 2021-22లో ఇండియన్ సూపర్ లీగును గెలిచినది, జనులు సంతసించిరి. కాని ఆ జట్టులో ఆడిన స్థానికులు మిక్కిలి అరుదు. యాజమాన్యము మారిన పిమ్మట 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలినది. వేరు లేని చెట్టును ఒక చోటినుండి మఱియొక చోటికి మార్చుటలో కష్టమేమున్నది? ఊరి పిల్లలతో కూడిన జట్టును మాత్రము ఎవ్వరును మూటగట్టి కొనిపోజాలరు.

పొరుగువారిని చూతము. మలబారు పల్లెలలో ఫుట్‌బాలు పండుగవలె నాడుదురు. ఆ ప్రాంతపు పిల్లలను చేరదీసికొనుచు కాలికట్టు విశ్వవిద్యాలయము, సర్ ఆశుతోష్ ముఖర్జీ పేరిట జరుగు అంతర విశ్వవిద్యాలయ పోటీలను పలుమారులు గెలిచినది. త్రిచూరు మైదానమున సోడాలమ్మిన ఐ. ఎం. విజయన్‌ను కేరళ పోలీసువారు యుక్తవయస్సుననే చేర్చుకొనిరి. ఆ జట్టు 1990లోను, 1991లోను ఫెడరేషను కప్పును గెలిచెను. విజయన్ భారత జట్టునకు నాయకుడయ్యెను. సోడాలమ్ము కుఱ్ఱవాడు మన ఊరి బస్సునిలయమునందును కలడు. ఆతని కాళ్లను చూచు కన్నులు మాత్రము లేవు.

ఇంకొక నిదర్శనము సోమందేపల్లె వారికి మఱింత దాపుననే కలదు. పెనుకొండ కడ ఎఱ్ఱమంచిలో కొరియా వారి కియా మోటారు కార్ఖానా 2019 నుండి కార్లను తయారు చేయుచున్నది. 1962 జకార్తాలో రహీం జట్టు ఓడించినది ఆ దక్షిణ కొరియానే. నలువదేండ్లు తిరుగునప్పటికి, 2002 ప్రపంచ కప్పులో ఆ దేశము సెమీఫైనలు వఱకు పోయినది. ఆ జట్టున ఆడిన పార్క్ జి-సుంగ్ బడి ముగించిన నాడు, దేహము చిన్నదని వృత్తి క్లబ్బులవారు కాదనిరి. మ్యాంగ్‌జీ విశ్వవిద్యాలయము ఆతనిని చేర్చుకొనెను. ఆ పిల్లవాడే తరువాత ఇంగ్లండున మాంచెస్టరు యునైటెడ్ జట్టున ఆడెను. క్లబ్బులు త్రోసివేసిన వానిని కళాశాల నిలిపినది. కళాశాల జట్టు చేయవలసిన పని ఇదియే కదా!

ఆ కార్ఖానా విషయముననే ఇంకొకమాట. భూములు ఇచ్చినవారము మేము గనుక ఉద్యోగములును మా పిల్లలకే కావలయునని మన ప్రజలు కోరిరి. ఆ కోరిక న్యాయమైనది. పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకు ఈయవలయునని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టమును చేసెను. కొరియా వారి కార్ఖానాలో స్థానికులకు చోటు కావలయునని ఎలుగెత్తిన మనము, మన పన్నులతో నడుచు మన కళాశాలల జట్టులలో మన పల్లె పిల్లలకు చోటేదని ఒక్కనాడైన అడిగితిమా? పరులయింట హక్కు కోరుటకు ముందు మన యింట దానిని నెలకొల్పుకొనుట స్వదేశీయమునకు తొలి పాఠము.

ఆక్షేపణలు లేకపోలేదు. ఆటలవలన చదువు చెడునని గృహస్థులు భయపడుదురు. రహీం బడిపంతులని మఱువరాదు. సాయంకాలము రెండు గంటలు మైదానమున గడపినవాడు రాత్రి పుస్తకము పట్టగలడు. రోజంతయు గదిలో మ్రగ్గినవాడు పుస్తకము పట్టినను నిద్రించును. క్రికెట్టు ఉండగా ఇది యేల యని మఱికొందఱందురు. 2024లో దులీప్ ట్రోఫీ పోటీలు అనంతపురమున జరిగినవి, అదియును సంతోషమే. కాని క్రికెట్టునకు బ్యాట్లు, ప్యాడ్లు, చేతితొడుగులు కావలయును. కాలిబంతికి బంతి యొకటి చాలును. పేదసీమకు తగిన ఆట ఏదో లెక్కవేసి చూచుకొనవచ్చును.

ఆడపిల్లల మాట చెప్పక ముగించుట అన్యాయము. నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టున చేరినది. అనంతపురపు క్రీడాగ్రామమున బాలికలును బంతి తన్నుచున్నారు. ఆ బాలిక పదవ తరగతి దాటిన నాడు ఆమె ముందు రెండు త్రోవలు: కళాశాల హాస్టలు ఒకటి, పెండ్లిపీట యొకటి. మహిళా జట్టున్న కళాశాల నుండి ఒక జాబు వచ్చినచో తండ్రి ఆలోచించును. జాబే రానిచో ఆలోచించుటకు ఏమియు నుండదు. ఆ యొక్క జాబు వ్రాయుటకు బద్ధకించుట ఆట విషయమున లోపము మాత్రమే కాదు, ఒక బ్రతుకు విషయమున అపరాధము.

ఇక చేయవలసిన దేమి? మా యభిప్రాయమున నాలుగు పనులు కలవు; ఒక్కదానికిని కోట్లు అక్కఱలేదు. మొదటిది: ప్రతి కళాశాల వ్యాయామోపాధ్యాయుడును వేసవి సెలవులలో, అనగా ప్రవేశములకు ముందే, తన చుట్టునున్న మండలముల బడులను, పల్లె ఆటస్థలములను చుట్టివచ్చి, మేలైన బాలబాలికల పట్టిక వ్రాయవలయును. ఆ పర్యటనకు బస్సు ఛార్జీలు కళాశాల భరింపవలయును. రెండవది: క్రీడాగ్రామపు శిక్షకులతోను, ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులతోను విశ్వవిద్యాలయము ఏటేట సమావేశము జరిపి, పదునాఱేండ్ల వయస్సునుండియే ఆ పట్టికలోని వారిని కనిపెట్టియుండవలయును, ఇంటర్మీడియట్ చదువు రెండేండ్లును సాయంకాలము కళాశాల మైదానమున వారిని ఆడనీయవలయును. మూడవది: సర్టిఫికేటు లేనివానికి మైదానముననే పరీక్ష పెట్టి, ఆట చూచి, ఫీజు తగ్గించి చేర్చుకొనుటకు కళాశాల పాలకవర్గములు తమ అధికారములోని మేరకు వీలు కల్పింపవలయును. నాలుగవది భోజనము.

ఈ నాలుగవ పని భూస్వాములది, వర్తకులది. మన తాతల నాడు పేద విద్యార్థి వారములు చేసికొని చదివెను. ఏడు దినములకు ఏడు ఇండ్లు. ఏ యింటివారికిని అది భారము కాలేదు, ఆ విద్యార్థి మాత్రము పండితుడో, వకీలో అయ్యెను. ఫుట్‌బాలు జట్టునకు మార్పు ఆటగాండ్రతో కలిపి ఇరువదిమంది. హిందూపురము వంటి వర్తకపు పట్టణమున ఇరువదిమంది పిల్లలకు అన్నము, గ్రుడ్డు, పాలు సమకూర్చుట అంత కష్టమా? ఒక్కొక్క రైతు పంటకాలమున ఒక బస్తా వేరుసెనగకాయ లిచ్చిన చాలును. ఆ పిల్లల కండకు కావలసిన బలము మన చేలలోనే పండుచున్నది. పెండ్లిపందిళ్లకును, ఎన్నికల ఊరేగింపులకును వెచ్చించు ధనములో నూఱవ వంతు దీనికి చాలి మిగులును.

మన పూర్వులు ఈ కఱవు నేలను బ్రతికించినది పెద్ద నదులతో కాదు. బుక్కపట్నము, అనంతపురముల వంటి చెఱువులు కట్టి, కురిసిన ప్రతి చినుకును కాలువలతో వానిలోనికి మళ్లించి బ్రతికించిరి. వాన తక్కువైనచోటనే కాలువ మీద శ్రద్ధ ఎక్కువ కావలయునని వారికి తెలియును. ప్రతిభ విషయమునను ధర్మ మదియే. చినుకులు పడుచునే యున్నవి. సోమందేపల్లె చెఱువు కడుపులో ప్రతి సాయంకాలమును పడుచున్నవి. అవి కాలువ లేక పాఱిపోయి, పరుల యూళ్లలో ఇటుకలు మోయుచున్నవి.

వాన వచ్చిన పిమ్మట కాలువ పూడిక తీయువాడు రైతు కాడు. ప్రవేశములు ముగిసిన పిమ్మట ఆటగాని కొఱకు వెదకునది కళాశాల కాదు. రానున్న వేసవిలో మన కళాశాలల వ్యాయామోపాధ్యాయులలో ఒక్కడైనను పల్లె బస్సెక్కి, ఎండిన చెఱువు గట్టుపై ఒక్క సాయంకాలము నిలిచి చూచునని ఆశింతము. ఆతనికి కూర్చుండుటకు మంచమును, త్రాగుటకు మజ్జిగను ఊరివారు తప్పక సమకూర్తురు. చూచుటకు కావలసినదంతయు ఆతని ముందే యుండును.